రందికి ముఖమేది?

కోరుట్లలో గానీ, జగిత్యాలలో గానీ, సిరిసిల్లలో గానీ ఏ ఫోటో స్టూడియోకు వెళ్లినా కనిపించేది పాస్‌పోర్టు సైజు ఫోటోల పనే. వెనుక తెల్ల తెర, ముందు ఒక స్టూలు. ‘గదువ కొంచెం పైకి, కండ్లు ఇటు, నవ్వొద్దు’ అంటాడు ఫోటోగ్రాఫర్. తరువాత కంప్యూటర్ ముందు కూర్చుని నుదుటి మీది చెమట మెరుపు తుడుస్తాడు, కళ్ల కింది నలుపు తగ్గిస్తాడు, రంగు కాస్త తేలుస్తాడు. ఎనిమిది కాపీలు కత్తిరించి చిన్న కవర్లో పెట్టి ఇస్తాడు. ఒకటి గల్ఫ్ వీసా కాగితాలకు, ఒకటి బ్యాంకుకు, ఒకటి సంఘం కార్డుకు. మిగిలినవి బీరువాలో పడి ఉంటాయి. ఆ మనిషి అర్ధాంతరంగా పోయిన రోజున విలేకరి అడిగితే ఇంటివాళ్లు వెతికి తీసి ఇచ్చేది ఆ కవరే. మర్నాడు జిల్లా పేజీలో అచ్చయ్యేదీ, పెద్దది చేయించి దండ వేసేదీ ఆ ఫోటోనే.

ఆ ముఖంలో ఏ బాధా కనిపించదు. కనిపించకుండా తీయడమే ఆ పనితనం. అయినా పేపరు చదివే మనిషి ఆ కళ్లలోకి చూసి, ‘ఏం రంది పెట్టుకున్నడో’ అనుకుంటాడు.

రంది అనే మాట ఇక్కడ ముఖ్యం. తెలంగాణలో మనసు కుదురు తప్పడానికి రెండు వరుసల మాటలున్నాయి. పిచ్చి లేచింది, మతి తప్పింది, దిమాక్ ఖరాబైంది, గాలి సోకింది అనేవి ఒక వరుస. రంది పట్టుకుంది, మనాది పెట్టుకున్నడు అనేవి రెండో వరుస. మొదటి వరుసలో మనిషి మనలోంచి బయటికి పోయినట్టు వినిపిస్తుంది. రెండో వరుసలో మనతోనే ఉన్నాడు గానీ లోపల ఒరిగిపోతున్నాడు. నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో (వాటిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ లేవు) తేలిన లెక్క కూడా ఈ రెండో వరుసనే చూపిస్తుంది. పెద్దవాళ్లలో దాదాపు 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటే, తీవ్రమైన మనోవ్యాధులు 2 శాతం లోపే. మిగిలిందంతా కుంగుబాటు, ఆందోళన, తాగుడు వంటివే. కానీ నూట డెబ్బై ఏళ్లుగా కెమెరా వెంటపడింది మొదటి వరుసనే. మనోవ్యాధి ముఖాన్ని చూపాలా, దాచాలా అనే వాదం ఎంత పెరిగినా ఈ లోటు మాత్రం పూడలేదు.

ముఖం చూసి రోగం చెప్పిన కాలం

కథ ఇంగ్లండులో మొదలవుతుంది. సర్రే కౌంటీ ఆశ్రమంలో స్త్రీల విభాగాన్ని చూసిన డాక్టర్ హ్యూ వెల్చ్ డైమండ్ తన రోగుల ఫోటోలు తీసి, 1856లో రాయల్ సొసైటీ ముందు ఒక పత్రం చదివాడు. ఆయన ఫోటోకు మూడు ఉపయోగాలు చెప్పాడు: రోగ లక్షణాలను ముఖంలో చదవడానికి, వెళ్లిపోయిన రోగి తిరిగి వస్తే గుర్తుపట్టడానికి, రోగి తన బొమ్మ తాను చూసుకుని బాగుపడటానికి. రెండేళ్లకు జాన్ కొనొలీ ఆ ఫోటోల ఆధారంగా వేయించిన బొమ్మలతో వ్యాసాలు రాశాడు. పిచ్చికి ఒక ముఖం ఉంటుంది, దాన్ని చూడటం నేర్చుకోవచ్చు అనే నమ్మకం అలా అచ్చులోకి ఎక్కింది.

పారిస్‌లో డాక్టర్ షార్కో హయాంలో ఆ నమ్మకం నాటకం దాకా వెళ్లింది. సాల్పెత్రియేర్ ఆసుపత్రి నుంచి 1876-80 మధ్య వెలువడిన ఫోటో సంపుటాల్లో హిస్టీరియా రోగులు ఒక్కో దశను ఒక్కో భంగిమలో చూపిస్తారు. అందరికంటే ఎక్కువగా కనిపించే అమ్మాయి పేరు ఒగుస్తీన్. 1880లో ఆమె మగ వేషం వేసుకుని ఆసుపత్రి నుంచి పారిపోయింది. కెమెరా ముందు అన్ని భంగిమలు పట్టిన మనిషి చివరికి ఎవరూ గుర్తుపట్టని వేషం వెతుక్కుందన్నమాట. దాదాపు వందేళ్ల తరువాత, 1982లో, కళా చరిత్రకారుడు జార్జ్ దిదీ-యుబెర్మాన్ ఈ ఫోటోలపై పుస్తకం రాస్తూ, అక్కడ హిస్టీరియాను రికార్డు చేయలేదు, కెమెరా సాయంతో తయారుచేశారని వాదించాడు.

డార్విన్ కాస్త జాగ్రత్తపడ్డాడు. యార్క్‌షైర్ ఆశ్రమంలో పనిచేసే క్రిక్టన్-బ్రౌన్ ఆయనకు రోగుల ఫోటోలు చాలానే పంపినా, భావ ప్రకటనపై 1872లో వేసిన పుస్తకంలో ఒక్కదాన్నే బొమ్మగా చెక్కించి వాడుకున్నాడు.

ముఖంలో రోగం చదవవచ్చనే శాస్త్రం ఇప్పుడు వైద్యంలో లేదు. అలవాటుగా మాత్రం బతికే ఉంది. సినిమాలో చెదిరిన జుట్టు, చిరిగిన బట్ట, గాల్లోకి చూపు. మాటల్లో ‘వీణ్ని ఎర్రగడ్డకు పంపాలి’ అనే ఎకసెక్కెం. హైదరాబాద్ ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం లోపల ఎన్నడూ అడుగుపెట్టని వాళ్లకు కూడా అక్కడి ముఖాలు ఎలా ఉంటాయో ‘తెలుసు’.

గొలుసును చూపాల్సిందే అనేవాళ్లు

రెండో వాదం దీనికి పూర్తిగా ఎదురు నిలుస్తుంది. రోగి ముఖాన్ని కాదు, రోగిని కట్టేసిన గొలుసును చూపండి అంటుంది. దీనికి ఇటలీ మంచి ఉదాహరణ. కార్లా చెరాతి, జానీ బెరెంగో గార్దిన్ అక్కడి పిచ్చాసుపత్రుల్లో తీసిన ఫోటోలను మనోవైద్యుడు ఫ్రాంకో బజాలియా, ఆయన భార్య ఫ్రాంకా కలిసి 1969లో పుస్తకంగా తెచ్చారు. గొరిగిన తలలు, గోడకు ఆనుకున్న దేహాలు. తొమ్మిదేళ్లకు, 1978లో, పిచ్చాసుపత్రులను మూసే చట్టం వచ్చింది. ఒక్క పుస్తకమే చట్టం తెచ్చిందనలేం గానీ, ఆ ఫోటోలు లేకుండా జనం అంత కదిలేవారనీ అనలేం.

మన దగ్గర అలాంటి కుదుపు 2001 ఆగస్టు 6న వచ్చింది. తమిళనాడు ఎర్వాడిలో దర్గా దగ్గరి ఒక ప్రైవేటు ఆశ్రమానికి నిప్పంటుకుని 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టేసి ఉండటం వల్ల వాళ్లు పారిపోలేకపోయారు. ఆ వార్తలు, బొమ్మలు చూసి సుప్రీంకోర్టు తనంతట తాను కేసు చేపట్టింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసుతో కట్టరాదని స్పష్టంగా చెప్పింది.

ఈ వాదం జగిత్యాల జిల్లాలో కొండగట్టు మెట్ల దగ్గరికి వచ్చేసరికి చిక్కుపడుతుంది. అంజన్న సన్నిధిలో కొన్నాళ్లు ఉంటే మనసు బాగవుతుందనే నమ్మకంతో కుటుంబాలు ఎక్కడెక్కడి నుంచో మనుషులను తెస్తాయి. వేములవాడ రాజన్న గుడికీ అలా వచ్చేవాళ్లున్నారు. ఇలాంటి గుడి ఆవరణలో చేతులు కట్టి కూర్చోబెట్టిన మనిషిని సెల్‌ఫోన్‌లో తీసి పెడితే అది అన్యాయాన్ని బయటపెట్టడమా, జాతరలో వింత చూపించడమా? ఎర్వాడి ఫోటోకు, దీనికి తేడా గొలుసులో లేదు. ఎర్వాడి ఫోటో వెనుక ఆశ్రమాన్ని జవాబు చెప్పమని నిలదీసే ప్రశ్న ఉంది. ఇక్కడ అలాంటిదేమీ ఉండదు. వెంట వచ్చిన తల్లి డబ్బు, దారి, డాక్టరు ఏదీ దొరక్క దేవుడి దగ్గరికి వచ్చిందన్న సంగతి ఫ్రేములో పట్టదు.

2015 సెప్టెంబరు నాటి కల్లు సంగతి ఇంకా కొట్టొచ్చినట్టుంటుంది. నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లుపై ఎక్సైజ్ శాఖ విరుచుకుపడింది. ఏళ్లుగా ఆ మత్తుకు అలవాటుపడ్డ ఒళ్లు ఒక్కసారిగా అది అందక విలవిల్లాడింది. వందల మంది వణుకుతూ, కలవరిస్తూ ఆసుపత్రుల్లో చేరారు. టీవీ కెమెరాలు ఆ ముఖాలను దగ్గరగా చూపించాయి. చూసినవాళ్లలో చాలామందికి గుర్తుండిపోయింది ‘పిచ్చెక్కిన జనం’ అనే మాటే. మత్తు మందు మానడంలో వైద్య పర్యవేక్షణ లేకపోతే శరీరం ఇలాగే తిరగబడుతుందన్న అసలు విషయం ముఖాల వెనుక ఎక్కడో ఉండిపోయింది.

సిరిసిల్ల: అప్పా, మనసా?

చర్చ అన్నిటికంటే లోతుగా సాగింది సిరిసిల్లలోనే. పాతికవేలకు పైగా సాంచాలు (మరమగ్గాలను ఇక్కడ అలాగే అంటారు) ఆడే ఊరు. తొంభైల చివర నుంచి నూలు ధర, కరెంటు బిల్లు, అమ్ముడుపోని గుడ్డ అన్నీ కలిసి సేటు నుంచి ఆసామికి, ఆసామి నుంచి కార్మికుడికి బరువు దించుతూ వచ్చాయి. వరుసగా ఆత్మహత్యలు జరిగాయి. ఊరి పేరునే చావు పేరుగా మార్చి శీర్షికలు పెట్టిన రోజులవి. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్లు కొన్నేళ్లు ఊరటనిచ్చాయి. 2024లో అవి ఆగిపోయాక మళ్లీ పనిలేని సాంచాలు, మళ్లీ అవే వార్తలు.

ఈ వార్తల్లో రెండు రకాల ఫోటోలు స్థిరపడిపోయాయి. మొదటిది పేజీ మూలన వేసే పాస్‌పోర్టు ఫోటో. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టి, మిగతా పత్రికలూ ఆ దారి పట్టాక, హైదరాబాద్ పేజీకి ఎన్నడూ ఎక్కని మామూలు మనిషి ముఖం అచ్చులో కనిపించడం మొదలైంది. అది నిజంగా గొప్ప మార్పు. కాకపోతే చాలామంది విషయంలో మొదటిసారి కనిపించడమూ ఆఖరిసారి కనిపించడమూ ఒకటే అయింది. రెండోది, ఫ్రేము కట్టిన భర్త ఫోటో చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ భార్య. పక్కన పిల్లలు. అనంతపురం రైతు కుటుంబాల నుంచి సిరిసిల్ల దాకా ఇదే బొమ్మ. ఫోటోలో ఫోటో.

దీన్ని సమర్థించేవాళ్ల వాదన బలమైనదే. ఆ చావు రాజ్య విధానం వల్ల వచ్చింది, కాబట్టి చూడాల్సింది కుటుంబం మీద పడిన దెబ్బను. ‘మానసిక సమస్య’ అనే మాట తెస్తే నేరం చచ్చినవాడి తల మీదికి పోతుంది, కూలి రేటు, కరెంటు రేటు పక్కకు జారిపోతాయి. ‘డిప్రెషన్ అట, కౌన్సెలింగ్ ఇప్పిస్తారట, పని మాత్రం ఇయ్యరట’ అనే ఎత్తిపొడుపు ఈ వాదం నుంచి పుట్టిందే. దీని వెనుక కాగితాల లెక్క కూడా ఉంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన జీవో 421 ప్రకారం రైతు ఆత్మహత్యకు లక్షన్నర పరిహారం రావాలంటే అది వ్యవసాయ అప్పుల వల్లేనని కమిటీ తేల్చాల్సి ఉండేది. తాగుడనో, మతి బాగాలేదనో రాస్తే చెయ్యి ఖాళీ. నేత కార్మికుల ఇళ్లలోనూ అదే భయం. అందుకే ఇంటివాళ్లు అప్పు పత్రాలు చూపిస్తారు గానీ, మూడు నెలలుగా ఆయనకు నిద్ర లేదన్న సంగతి చెప్పరు.

ఎదుటి పక్షం మనోవైద్యులది. అప్పు అందరికీ ఉంది, అందరూ చావడం లేదు. అప్పుకు, చావుకు నడుమ ఒక జబ్బు ఉంది, దానికి మందు ఉంది అంటారు వాళ్లు. నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో తెలంగాణలో లక్ష మందికి 26.3 ఆత్మహత్యలు, దేశ సగటు 12.4. ఒక్క మగ్గమో, ఒక్క పంటో ఈ తేడానంతా వివరించలేదన్నది వాళ్ల మాట.

నిజానికి రంది అనే మాట దగ్గర ఈ రెండు పక్షాలూ కలవాలి. ఆ మాటలో అప్పూ ఉంది, నిద్రపట్టని రాత్రీ ఉంది, ఒకదాన్ని ఇంకొకటి కొట్టేయదు. పత్రికా భాష మాత్రం ఈ రెంటినీ విడదీసి, ఏదో ఒకటే ఎంచుకోమంటోంది.

ఫోటో సంగతికి వస్తే, వైద్యుల వైపు ఇంకో హెచ్చరిక కూడా ఉంది. చనిపోయిన మనిషి ఫోటో ప్రముఖంగా వేస్తే, అదే దుఃఖంలో ఉన్న ఇంకొకరు ఆ ముఖంలో తమను చూసుకునే ప్రమాదం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలను అనుసరించి భారత ప్రెస్ కౌన్సిల్ 2019 సెప్టెంబరులో, ఆత్మహత్య వార్తల్లో ఫోటోలు, వీడియోలు, సంచలన శీర్షికలు వద్దని చెప్పింది. జిల్లా పేజీల్లో ఫోటోలు అయినా ఆగలేదు. ఫోటో లేకపోతే తమ మనిషి చావుకు లెక్కే లేదని కుటుంబాలే అనుకుంటున్నప్పుడు ఈ నియమం అమలు అంత తేలిక కాదు. బతికుండి సతమతమయ్యేవాళ్లకు 14416 టెలీ మానస్ నంబరు 2022 అక్టోబరు నుంచి పగలూ రాత్రీ తెలుగులోనూ పలుకుతోంది. ఆ నంబరు వార్త కింద వేయడం మటుకు ఏ వాదానికీ అడ్డురాదు.

మసక చేసిన ముఖం

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (అమలు 2018 మే 29 నుంచి) 24వ సెక్షన్‌లో, చికిత్స కేంద్రంలో ఉన్న వ్యక్తి ఫోటోను అతని అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వరాదని ఉంది. డిజిటల్ రూపంలో దాచిన సమాచారానికీ గోప్యత వర్తిస్తుంది. అనుమతి రోగిదే. ఇది పెద్ద ముందడుగు. అయితే చట్టం చెప్పే చికిత్స కేంద్రంలోకి బంధువులతో కలిసి ఉండే ఇల్లు రాదు. మన రోగుల్లో ఎక్కువమంది ఉండేది మాత్రం ఇంట్లోనే.

దాంతో పత్రికలు, చానళ్లు తేలిక దారి పట్టాయి: ముఖం మసక చేయడం, కళ్లకు నల్ల పట్టీ వేయడం. దీన్ని రక్షణ అనేవాళ్లున్నారు. వాళ్ల భయం ఊహాజనితమేం కాదు. జగిత్యాలలో ఒక ఇంట్లో మనసు బాగాలేని అన్న ఉన్నాడని తెలిస్తే చెల్లెలి సంబంధం తప్పిపోతుంది. పెళ్లి ఫోటో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లే దారిలో పేపర్లోని అన్న ఫోటో అడ్డు పడకూడదు.

కానీ తెలుగు పాఠకుడు మసక ముఖాలను ఇంకెక్కడ చూస్తాడు? పోలీసులు ప్రెస్‌మీట్‌లో నిలబెట్టిన నిందితుల వరుసలో. ముసుగు వేసిన దొంగ, కళ్లకు పట్టీ వేసిన జూదరి, మసక చేసిన రోగి ఒకే పేజీలో పక్కపక్కన ఉంటే కన్ను వాళ్లందరినీ ఒకే గాటన కట్టేస్తుంది. దాచిన ముఖం సిగ్గుపడాల్సిన ముఖం అవుతుంది. మసక చేయడం కంటే అసలు ముఖం లేని ఫోటో మేలని ఈ సమీక్ష అభిప్రాయం. బీడీ ఆకు కత్తిరిస్తూ ఆగిపోయిన చేతులు, ఆపేసిన సాంచ ముందు ఖాళీ స్టూలు వంటివి చాలు. వాటిలో ఎవరినీ దాచినట్టు ఉండదు.

ఇక తల పట్టుకున్న బొమ్మ సంగతి. కుంగుబాటు మీద ఏ వ్యాసం వచ్చినా చీకటి గదిలో తల చేతుల్లో పెట్టుకున్న ఒక మనిషి, తరచూ తెల్లజాతి మనిషి, కనిపిస్తాడు. ఇంగ్లండులో టైమ్ టు చేంజ్ ఉద్యమం ఈ బొమ్మను మానమని పత్రికలను కోరి, మామూలు మనుషుల ఫోటోలను ఉచితంగా ఇచ్చింది. కోరుట్లలో రంది పడ్డ ఆడమనిషి అలా కూర్చోదు. బీడీలు చుడుతూనే ఉంటుంది, బువ్వ వండుతూనే ఉంటుంది, మస్కట్ నుంచి ఫోన్ వస్తే ‘మంచిగున్న’ అనే చెబుతుంది.

ఫోటో నిజంగా మార్చగలదా?

ఇక్కడ పరిశోధన కొంత దారి చూపిస్తుంది. పాట్రిక్ కొరిగన్ బృందం 2012లో 14 దేశాల 72 అధ్యయనాలను కలిపి చూసింది. పెద్దవాళ్లలో వివక్ష తగ్గించడానికి పాఠాల కంటే, కోలుకున్న మనిషితో పరిచయమే ఎక్కువ పనిచేసింది. ఎదురుగా కలిసిన పరిచయం వీడియో పరిచయం కంటే మెరుగు. ఫోటో ఆ వీడియో కంటే ఒక మెట్టు కిందే ఉంటుందనుకోవాలి.

తెలుగు నేల మీది సాక్ష్యం పశ్చిమ గోదావరి నుంచి వచ్చింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అక్కడి పల్లెల్లో చేపట్టిన స్మార్ట్ మెంటల్ హెల్త్ కార్యక్రమంలో కరపత్రాలు, సినీ నటుడి వీడియో, సమస్యను అనుభవించిన మనిషీ ఇంటివాళ్లూ మాట్లాడే వీడియో, వీధి నాటకం అన్నీ వాడారు. జనం గుర్తుంచుకున్నవి నాటకం, వీడియోలే. సాయం అడగడానికి జంకు తగ్గింది. కదలని పోస్టరు ముఖానికి నోరు లేకపోవడమే లోటు కాబోలు.

అలాగని ఫోటోను కొట్టిపారేయలేం. ఫోటోగ్రాఫర్ సోహ్రాబ్ హురా 2015లో తెచ్చిన పుస్తకం ఇందుకు నిలువెత్తు ఉదాహరణ. స్కిజోఫ్రెనియా ఉన్న తన తల్లిని, ఆమె కుక్కను, గోడలు పెచ్చులూడిన ఇంటిని ఏళ్ల తరబడి తీశాడు. అందులో ఆమె రోగి కాదు, అమ్మ. ఒక్క ఫోటోతో సాధ్యం కాని పనిని వంద ఫోటోలు చేశాయి: ఆమె కోపంగా ఉన్న రోజూ ఉంది, నవ్విన రోజూ ఉంది. అయినా ప్రశ్న ఉండనే ఉంది. కొడుకు అడిగితే తల్లి ఒప్పుకోవడం ఎంతవరకు ఒప్పుకోలు?

ఇంకోవైపు పాత నమ్మకం కొత్త రూపంలో తిరిగి వచ్చింది. పరిశోధకులు రీస్, డాన్‌ఫోర్త్ 2017లో 166 మంది ఇన్‌స్టాగ్రామ్ ఫోటోలు నలభై మూడు వేలకు పైగా కంప్యూటర్‌తో చదివించి, కుంగుబాటు ఉన్నవారి ఫోటోలు ఎక్కువ నీలంగా, బూడిద రంగులో, చీకటిగా ఉన్నాయని చెప్పారు. డైమండ్ రోగి ముఖాన్ని చదివితే వీళ్లు రోగి ఎంచుకున్న రంగును చదివారు. తేడా చిన్నదేం కాదు. కానీ ఉద్యోగం ఇచ్చేవాడో, బీమా కంపెనీవాడో ఈ పద్ధతిని చేతబట్టుకుంటే ఏమవుతుందన్నది తేలలేదు.

తేలనివి

ఈ వాదాలను పక్కపక్కన పెట్టి చూస్తే, వైద్యుడి కెమెరా ముఖాన్ని చూసి మనిషిని మరిచింది. ఉద్యమకారుడి కెమెరా గొలుసును చూసి, తరచుగా, కట్టినవాళ్ల నిస్సహాయతను మరిచింది. పత్రిక కుటుంబాన్ని చూసి మనసును మరిచింది. చట్టం అనుమతిని చూసి ఇంటిని మరిచింది. కొడుకు కెమెరాకు మాత్రం కాలం దొరికింది, కానీ ప్రతి ఇంట్లో అలాంటి కొడుకు ఉండడు. వీటిలో మొదటిదాన్ని పక్కన పెడితే మిగతావి ఒకదానికొకటి పోటీ కావు. పత్రిక చేసే పని హురా పుస్తకం చేయలేదు, అలాగే హురా చేసింది పత్రిక చేయలేదు.

తేలనిది ముఖ్యంగా కాలం సంగతి. జబ్బు ముదిరిన రోజున ఇచ్చిన అనుమతి కోలుకున్నాక చెల్లుతుందా? కోలుకున్న రోజున సంతోషంగా పోస్టరుకు ముఖమిచ్చిన మనిషి, రెండేళ్లకు దుబాయి కంపెనీలో ఉద్యోగం అడిగితే? ఎవరూ ఇంతవరకు గట్టి జవాబు చెప్పలేదు.

చనిపోయినవాళ్ల విషయంలో ఈ కాలం చిక్కు ఇంకా ముదిరింది. పాత జిల్లా పేజీ మర్నాటికి పొట్లం కట్టడానికి పోయేది. ఇప్పటి ఈ-పేపర్ ఎక్కడికీ పోదు. పన్నెండేళ్ల తరువాత కూతురి సంబంధానికి వచ్చినవాళ్లు ఊరి పేరు, ఇంటి పేరు కొడితే తండ్రి పాస్‌పోర్టు ఫోటో, కింద రెండు ముక్కల కారణం బయటపడతాయి. దాన్ని తీసేయమని ఎవరిని అడగాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆనాడు ఫోటో ఇచ్చింది మాత్రం వాళ్లే, బీరువాలోని ఆ చిన్న కవర్లోంచి.